గిలక కింద సున్నం

ఇంగ్లీషులో నాకు రెండే అక్షరాలు వచ్చు. ఒకటి ఎల్, రెండోది ఆర్. మా నాన్న నన్ను బడికి పంపలేదు. ఇంట్లోనే కూచోబెట్టి తెలుగు చదవడం, రాయడం, కూడికలు, తీసివేతలు, పూజకు కావలసిన శ్లోకాలు నేర్పాడు. ఇంగ్లీషు ఆయనకే రాదు. ఆ రెండక్షరాలు పెళ్లయ్యాక మా ఆయన దగ్గర నేర్చుకున్నాను. అవి సీసంతో పోతపోసినవి, బొటనవేలి గోరంత ఉంటాయి. ఎక్స్‌రే తీసేటప్పుడు ఎడమ కాలి పక్కన ఎల్, కుడి కాలి పక్కన ఆర్ పెట్టాలి. పెట్టకపోతే ఫిలిం మీద ఏ కాలో ఎవరికీ తెలియదు, డాక్టరుకు కూడా.

మా ఆయన భద్రాచలంలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానాలో ఎక్స్‌రేలు తీసేవాడు. ఎనభైల మొదట్లో మాట. దవాఖానా అంటే మూడు గదులు, వెనక వరండా, ఒక బావి. ఒక గదిలో డాక్టరు కూచునేవాడు, రెండో గదిలో మిషను ఉండేది. దాని పక్కనే కిటికీ లేని చీకటి గది. ఆ గదిలో ఫిలిం మందునీళ్లలో ముంచి, కడిగి, వరండాలో దండేనికి క్లిప్పులతో వేలాడదీసేవాళ్లు. మా ఇల్లు దవాఖానా వెనకే కాబట్టి ఆరేసే పని నా మీద పడింది. దండెం ఒకటే. నా చీరల పక్కన ఊళ్లోవాళ్ల ఎముకలు ఆరుతుండేవి. మొదట్లో కొంచెం బెరుకుగా ఉండేది. తర్వాత వాన చినుకు పడితే చీరలు వదిలి ముందు ఎముకలు తీసే అలవాటు వచ్చింది.

మా వైపు కాలు బెణికితే ముందు సున్నం-బెల్లం పట్టు. అది వేసిన మనిషి అత్త కావచ్చు, అమ్మ కావచ్చు, పక్కింటామె కావచ్చు, ఆ ఇంటి వరకు ఆమే డాక్టరు. పట్టు ఆరి బిగుసుకొని కాలును కదలనివ్వదు. నొప్పి తగ్గితే పట్టు మహిమ. తగ్గకపోతే దిష్టి. దిష్టి తీసినా తగ్గకపోతే దవాఖానా. అందుచేత మా దగ్గరికి వచ్చే ప్రతి కాలూ చీలమండ దగ్గర వెల్ల వేసినట్టు వచ్చేది.

సున్నం ఫిలిం మీద ఎముకలాగే తెల్లగా పడుతుంది. ఈ సంగతి మా డాక్టరుకు గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్మే ముసలాయన వల్ల తెలిసింది. ఆయన మెట్టు తప్పి పడి, నాలుగు రోజులు పట్టు వేయించుకొని వచ్చాడు. ఫిలింలో చీలమండ బుడిపె, అదే గిలక, దాని పక్కన చిన్న పెచ్చు కనబడింది. ఎముక పెచ్చు లేచిందని డాక్టరు నెల రోజులు సిమెంటు కట్టు వేశాడు. నెల తర్వాత కట్టు కోసి మళ్లీ ఫిలిం తీస్తే పెచ్చు లేదు. అతుకు గీత కూడా లేదు. డాక్టరు ఫిలిం అటూ ఇటూ తిప్పి చూసి, "అద్భుతంగా అతుక్కుంది" అన్నాడు. కట్టు లోపలి దూదికి సున్నం పెళ్ల అంటుకొని ఉండటం మా ఆయన చూశాడు. చూసి రెండు రోజులు ఊరుకొని మూడోనాడు చెప్పాడు. ముసలాయన మాత్రం డాక్టరు చేతి మహిమ ఊరంతా చెప్పుకొని, ప్రతి శనివారం ఒక కొబ్బరికాయ పంపేవాడు. తీసుకోవాలా వద్దా అని డాక్టరు ఒకసారి నన్నడిగాడు.

"కాయ ఏం తప్పు చేసింది బాబూ, తీసుకోండి" అన్నాను.

డాక్టరు మంచివాడు. చలిజ్వరాలకు ఆయన చేయి దొడ్డది. ఆ అడవి వైపు చలిజ్వరం తెలిసిన డాక్టరుంటే సగం పుణ్యం వచ్చినట్టే. ఎముకలు ఆయన ప్రత్యేకంగా చదివినవి కావు, ఎవరూ లేరు కాబట్టి చూసేవాడు.

ఆ కొబ్బరికాయ తర్వాత దవాఖానాలో కొత్త పద్ధతి వచ్చింది. కడగని కాలు ఎక్స్‌రే గదిలోకి రాకూడదు. కడగడానికి నన్ను పెట్టారు. వరండా చివర ఒక పీట, ఒక ఇత్తడి పళ్లెం, గోరువెచ్చని నీళ్లు, కుంకుడు రసం, కొబ్బరి పీచు. రాములవారి ఊళ్లో కాళ్లు కడిగే పని దొరకడం చిన్న అదృష్టం కాదని నాకు అనిపించింది. పైకి అనలేదు. అంటే మా ఆయన నవ్వుతాడు.

పద్ధతితో పాటు డాక్టరుకు ఒక భయం కూడా పట్టుకుంది. ఫిలింలో ఎక్కడ తెల్లచుక్క కనబడినా ముందు సున్నమనే అనుకునేవాడు. ఒకసారి మోసపోయిన మనిషి మళ్లీ ఆ దారిన మోసపోడు, ఎదురుదారిన మోసపోతాడు.

మాఘమాసం చివర ఒక పొద్దున ఇద్దరు ఆడవాళ్లు దుమ్ముగూడెం బస్సు దిగి వచ్చారు. వాళ్ల ఊరు దుమ్ముగూడెం దాటి అడవిలోకి పోవాలి, బస్సు పోదు. చిన్నామెకు ముప్పై ఏళ్లుంటాయి, కర్ర మీద ఆనుకొని ఒంటికాలితో గెంతుతోంది. వెనక ఆమె అత్త, కోడలి చెప్పు ఒకటి చేతిలో పట్టుకొని.

పీట మీద కూచోబెట్టి, "ఎట్లా పడ్డావమ్మా?" అన్నాను.

"పడలే అక్కా, దూకిన" అన్నది కోడలు. "చింతచెట్టెక్కి పండు దులుపుతున్న. కొమ్మ ఇరిగింది. పడేటట్టుంటే నేనే దూకిన."

"దూకుడు దూకి రాయి మీద దూకింది" అన్నది అత్త. "చెట్టు చుట్టు అంత మన్నే. దీనికి రాయే దొరికింది."

"కండ్లు మూసుకొని దూకిన గదత్తా."

"అదే అంటున్న."

కుడికాలు. బయటి గిలక కింద, కొంచెం ముందుకు, నేరేడు పండు రంగు తిరిగి ఉబ్బి ఉంది. దాని మీద దళసరిగా పట్టు. నేను నీళ్లు పోయబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"పట్టు తియ్యకు బిడ్డా. మూడు దినాలే అయ్యింది. తీస్తే నొప్పి మళ్ల లోపటికి పోతది."

"ఫొటో తీయాలమ్మా. సున్నముంటే సరిగ్గా పడదు."

"ఫొటోకు తెల్లగుంటే మంచిదే గద."

ఆమెను ఒప్పించేసరికి నీళ్లు చల్లారాయి. మళ్లీ కాచాను. బెల్లం కరిగి పట్టు మెల్లగా ఊడింది. మూడుసార్లు కడిగాను. వేళ్ల సందులు, గోళ్ల కింద, మడమ పగుళ్లు అన్నీ పీచుతో రుద్ది, తెల్ల గుడ్డతో తుడిచి, గుడ్డకు తెలుపు అంటుతుందేమోనని వెలుతురులో చూశాను. అంటలేదు.

నేను తుడుస్తుంటే ఆమె అడిగింది, "అక్కా, ఆకు నాటికి నడుస్తనా?"

ఆకంటే తునికాకు, బీడీలు చుట్టేది. ఎండలు ముదిరాక నెల రోజుల పని. చీకటితో లేచి గుట్టలెక్కి ఆకు తెంపుకొచ్చి, యాభై ఆకులకొక కట్ట కట్టి, కల్లంలో ఆరబెట్టాలి. ఆ నెల గుట్ట ఎక్కినవాళ్ల ఇంట్లో ఏడాది గడుస్తుంది. ఆమె మొగుడు పోయి రెండేళ్లు, ఇద్దరు పిల్లలు చిన్నవాళ్లు, అత్తకు అరవై దాటాయి. ఆ ఇంటికి గుట్ట ఎక్కే కాళ్లు రెండే. వాటిలో ఒకటి నా ఒళ్లో ఉంది.

"డాక్టరుగారిని అడుగుదాం" అన్నాను.

మా ఆయన ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఫిలిం తీశాడు. ఆరకముందే డాక్టరు వెలుగు పెట్టె మీద పెట్టి చూశాడు. చూసి నన్ను పిలిచాడు.

"ఇదిగో అమ్మా, ఇక్కడ కాస్త వదిలేశారు" అని పెన్నుతో చూపించాడు.

బయటి గిలక కొస కింద పెసరగింజంత తెల్లచుక్క. నేను కడిగానని చెప్పబోయి ఊరుకున్నాను. కడిగానన్నది నా మాట, కనబడుతున్నది ఫిలిం. ఫిలిం అబద్ధం చెప్పదని మా ఆయన ఇంట్లో రోజుకొకసారైనా అంటాడు.

గిలక ఎముక, పిక్క ఎముక బాగున్నాయి. పక్కనుంచి తీసిన ఫిలింలో ఏమీ కనబడలేదు. బెణుకే అన్నాడు డాక్టరు. సాగే పట్టీ చుట్టి, పది రోజులు కాలు మోపవద్దని, తర్వాత మెల్లగా నడవమని చెప్పాడు.

"ఆకు నాటికి?" అన్నదామె.

"పరుగెత్తుతావు."

పోతూ పోతూ అత్త నా పళ్లెంలో మిగిలిన సున్నపు నీళ్ల వైపు చూసి, "ఇంకో మూడు దినాలుంచితే ఈడికి వచ్చే పనే లేకపోవు" అన్నది.

ఆ తర్వాత రెండు వారాలు నేను కాళ్లు కడిగిన తీరు తలచుకుంటే ఇప్పటికీ ఆ కాళ్లవాళ్లకు క్షమాపణ చెప్పుకోవాలనిపిస్తుంది. పెసరగింజంత సున్నం వదిలేసిన చెయ్యి ఇది అని రుద్దేదాన్ని. ఒక పోలీసాయన పీట మీంచి లేచి, "అమ్మా, జర తోలు ఉంచు, డ్యూటీకి పోవాలె" అన్నాడు. సాయంత్రం దీపం పెట్టుకొని, నా చేతిపని సరిగ్గా ఉండేట్టు చూడు తండ్రీ అని అడిగేదాన్ని. ఇంకేమీ అడగలేదు. అప్పటికే ఆయన నాకు చాలా ఇచ్చాడు, నీడపట్టున పని, వేడినీళ్లకు కట్టెలు, ఏడాది పొడుగునా ఎండని బావి.

నెల తిరిగింది. శ్రీరామనవమికి పందిళ్లు మొదలుపెడుతున్నారు. పొద్దున్నే గోదావరి స్నానానికి పోయాను. మెట్ల రేవులో జనం ఎక్కువగా ఉంటే నేను కొంచెం కింద, గులకరాళ్ల ఒడ్డు ఏటవాలుగా దిగేచోట స్నానం చేస్తాను. పైన బాట మీద ఆ అత్తాకోడళ్లు వస్తున్నారు. దవాఖానాకు వచ్చి, ముందు గోదావరిలో మొహం కడుక్కుందామని వచ్చినట్టున్నారు. కోడలి చేతిలో కర్ర లేదు, కొంచెం కుంటుతూ బాట మీద బాగానే నడుస్తోంది. అమ్మయ్య అనుకున్నాను.

ఒడ్డు వాలు దగ్గరకు వచ్చి ఆమె ఆగిపోయింది. కుడికాలు రాళ్ల మీద పెట్టింది, తీసింది. పక్కకు తిరిగి పెట్టింది, మళ్లీ తీసింది. చివరికి కూచొని, చిన్నపిల్లల్లాగా జారుకుంటూ నీళ్ల దాకా వచ్చింది. అత్త ఈసారి ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఏమీ అనకపోతే నాకు భయమేసింది.

"తగ్గలేదా అమ్మా?" అన్నాను.

"సాపు నేల మీద నడుస్త అక్కా. రాయి, గడ్డ, వాలు తగిలితే లోపట సూది గుచ్చినట్టయితది. గుట్ట మీద సాపు నేల యాడుంటది?"

దవాఖానాలో డాక్టరు ఆమెను గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించాడు. నాపరాళ్ల గచ్చు, అద్దంలా ఉంటుంది. ఆమె నడిచింది.

"నడుస్తున్నావు కదా" అన్నాడు.

"నీ గచ్చు మీద నడుస్త సారూ. మా ఊళ్ల గచ్చు లేదు."

అడవిఊళ్లవాళ్లు ఎంతవాళ్లనైనా నువ్వనే అంటారు, అందులో మర్యాద తక్కువేమీ లేదు. డాక్టరు కూడా ఏమీ అనుకునేవాడు కాదు. కొన్ని బెణుకులు మూడు నెలలు పడతాయని చెప్పి, గిలక మీద రాసుకోవడానికి మందు రాసిచ్చాడు.

ఆమె వరండాలోకి వచ్చి నా పీట మీద కూచుంది. పాత ఫిలిం కవరు చీరముక్కలో చుట్టి తెచ్చుకుంది. అప్పుడు నేను, నెల నుంచి గొంతులో ఉన్న మాట చెప్పాను.

"ఆ రోజు నేను సరిగ్గా కడగలేదమ్మా. ఏమనుకోకు."

"నువ్వా?" అన్నదామె. "పుట్టినకాడి నుంచి నా కాలు అంత తెల్లగ ఎన్నడు కాలే. ఇంటికి పోయినంక మా అత్త రెండు కాళ్లు పక్కపక్కన పెట్టి చూసింది."

"ఒకటి మా కోడలిది, ఒకటి పట్నపోళ్లది అన్న" అన్నది అత్త.

ఫిలిం తీసుకొని ఆకాశానికి ఎత్తి చూశాను. చుక్క అక్కడే ఉంది. లోపల మా ఆయన తొట్లలో నీళ్లు మారుస్తున్నాడు. పోయి ఆయన ముందు పట్టుకున్నాను.

"ఏమండీ, ఇది సున్నమేనా?"

"నాకేమెరుక?" అన్నాడు. "నాది ఫొటో తీసుడు. చదువుడు ఆయనది. నీది కడుగుడు. ఎవరి పని వాళ్లు చేసుకుంటే దవాఖానా నడుస్తది."

"నేను కడిగినచోట సున్నం ఉందంటే అది నా పని సంగతే కదండీ."

ఆయన తొట్టి కింద పెట్టాడు. "మళ్ల తీద్దామంటే ఆయన ఒప్పుకోవాలె. మళ్ల తీసినా చుక్క ఉంటదనుకో. మళ్ల సరిగ్గ కడగలే అంటడు. అప్పుడేం చేస్తవ్?"

వరండాలోకి తిరిగొచ్చాను. కోడలు కొంగుముడి విప్పి సున్నపు డబ్బీ తీసి, బొటనవేలితో కొంచెం సున్నం అరచేతిలోని పొగాకు మీద రాసి నలుపుతోంది. ఆ వేలి వంక చూస్తూ నిలబడ్డాను. చుక్క సున్నమో ఎముకో తెలియనప్పుడు, సున్నాన్నే అడిగితే పోలేదా? కుడికాలు కడిగి, ఎడమకాలికి సరిగ్గా అక్కడే సున్నం పెట్టి, రెండు పాదాలూ ఒకే ఫిలిం మీద తీస్తే?

మా ఆయనకు చెబితే నవ్వాడు. నవ్వి, నవ్వాపి, "నువ్వే చెప్పు" అన్నాడు.

డాక్టరు గదిలోకి పోయి, తోవలో కూర్చుకున్న మూడు మాటలూ చెప్పాను. ఆయన బల్ల వైపు చూశాడు. ఆ రోజు శనివారం. కొబ్బరికాయ బల్ల మీదే ఉంది.

"సరే" అన్నాడు. "ఈసారి నేనే కడుగుతాను. చుక్క ఉంటే మీరు వదిలేశారన్న మాట ఉండదు."

ప్యాంటు మడిచి పీట ముందు కూచున్నాడు. నీళ్లు మరీ వేడిగా పోశాడు, ఆమె కెవ్వుమంది. చన్నీళ్లు కలిపాడు, మరీ చల్లగా అయ్యాయి. పీచు తిరగేసి పట్టుకున్నాడు. అరికాలు రుద్దబోతే ఆమె పక్కకు ఒరిగి, "సారూ, గిలిగింత" అని నవ్వు ఆపుకోలేకపోయింది.

"సారుకు కాళ్లు కడుగుడు రాదు" అన్నది అత్త.

"ఇంకా ఆడపిల్ల పెళ్లి చేయలేదమ్మా, అలవాటు లేదు" అన్నాను.

ఆయన మాట్లాడకుండా అరగంట కడిగాడు. నేనైతే పావుగంటలో ముగించేదాన్ని. ఆ తర్వాత ఎడమకాలి గిలక కింద ఆమే తన డబ్బీలోంచి పెసరగింజంత సున్నం తీసి పెట్టుకుంది. మా ఆయన రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి, కొంచెం లోపలికి తిప్పి, ఎల్, ఆర్ సర్దాడు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

గంటన్నర రాలేదు. సున్నం పెచ్చు రాలిపోతుందని ఆమె కాలు కదపలేదు. ఆమె కదలట్లేదని మేమూ కదలలేదు. ఆ గంటన్నరలో అత్త ఏ పట్టు ఏ నొప్పికో అన్నీ చెప్పింది. డాక్టరు రెండు మూడు కాగితం మీద రాసుకున్నాడు కూడా.

కరెంటు వచ్చాక తీసిన ఫిలిం నీళ్లు కారుతుండగానే దండేనికి తగిలించాను. డాక్టరు వరండాలోకి వచ్చి నా చీరల మధ్య నిలబడి చూశాడు. నేనూ చూశాను. చూడటానికి చదువు అక్కర్లేకపోయింది.

ఎల్ పక్కన ఉన్నది సున్నం. గోడ మీద చెయ్యి తుడిచినట్టు పలచగా, అంచు లేకుండా, ఒకవైపు జారి ఉంది. ఆర్ పక్కన ఉన్నది నెల కిందట ఉన్నచోటే ఉంది. దానికి అంచు ఉంది, లోపల ఎముకకు ఉండే పోగుల్లాంటి గీతలు ఉన్నాయి. అంతకంటే, గిలకల మధ్య ఇరుక్కొని కూచునే ఎముక ఎడమపాదంలో మూల నిండుగా ఉంది. కుడిపాదంలో ఆ మూల ఎలుక కొరికినట్టు లేదు. చుక్క ఆ మూలలోంచి వచ్చిందేనని పసిపిల్లవాడైనా చెప్పగలడు.

డాక్టరు లోపలికి పోయి ఆమె కాలు పట్టుకొని, ఈసారి గిలక మీద కాకుండా దాని కొస కింద, కొంచెం ముందుకు, బొటనవేలితో నొక్కాడు. ఆమె తన్నింది. ఆయన కుర్చీతో సహా వెనక్కి పోయి, "అదే" అన్నాడు.

మా అందరికీ అర్థమయ్యేట్టు చెప్పాడు. మనిషి బరువంతా మోసే ఎముక ఒకటి చీలమండలో ఉంటుంది. దాని బయటి అంచు విరిగింది. ఎత్తు నుంచి దూకినప్పుడు పాదం పైకి మడతపడి, లోపలికి తిరిగితే అట్లా విరుగుతుంది. అరుదు. తాను చదివిన పుస్తకంలో దాని గురించి రెండు వాక్యాలున్నాయి, అట్లాంటి కాలు కళ్లారా చూడటం ఇదే మొదలు. "బెణుకు ఉండేచోటే ఉంటుంది, బెణుకులాగే వాస్తుంది. తేడా ఒక్కటే, తగ్గదు. మొదటిరోజే తెలిస్తే సిమెంటు కట్టు వేసి, కాలు మోపనివ్వకుండా చూసేవాణ్ని. నాది పొరపాటు." ఈ చివరి మాట మా వైపు కాదు, ఆమె వైపు తిరిగి అన్నాడు.

"గట్లయితే సున్నం కాదా?" అన్నది కోడలు.

"కాదు."

"మా అక్క బాగనే కడిగినట్టు."

"అవునమ్మా."

నేను తలుపు వెనక్కి పోయి కళ్లు తుడుచుకున్నాను. చెయ్యి సరిగ్గా ఉందని చెప్పించినందుకు రామయ్యకు అక్కడే దండం పెట్టుకున్నాను. పెట్టుకుంటూ ఉండగా లోపల ఆమె గొంతు వినబడింది.

"ఆకు నాటికి?"

డాక్టరు ఈసారి పరుగెత్తుతావనలేదు. "ఈ ఏడు కాదు" అన్నాడు.

నా దండం సగంలో ఆగిపోయింది. నా చేతిపని సంగతి తేలిందని నేను సంతోషిస్తున్నాను, ఆమె కాలి సంగతి నెల ఆలస్యంగా తేలింది. ఆ నెలలో నేను నోరు విప్పి, కడిగానండీ అని ఒక్క మాట అనాల్సింది.

అత్త లేచింది. కాలు కడిగేటప్పుడు తీసి పట్టుకున్న చెప్పు కోడలి ముందు పెట్టింది.

"ఆకు నేను తెంపుత" అన్నది. "నువ్వు కూసొని కట్టలు కట్టు. దూకినామె కంటె నేనే నయం, చూసి దిగుత."

డాక్టరు ఖమ్మంలో తనకు తెలిసిన ఎముకల డాక్టరుకు ఉత్తరం రాసిచ్చాడు. మా ఆయన బస్సులో వెంట పోయి దింపి వచ్చాడు. ముక్క మరీ చిన్నది, మరలు బిగించి నిలిపేంత లేదు, పైగా నెల దాటింది. అందుకని కోసి ముక్కను తీసేశారు. తర్వాత మోకాలి కింద దాకా కట్టు, ఆరు వారాలు కాలు నేల తాకకూడదన్నారు. ఆ ఎండాకాలం అరవై దాటిన మనిషి గుట్టలెక్కింది, కోడలు కల్లం పక్కన కాలు చాపుకొని కట్టలు కట్టింది. ఈ కబురు వాళ్ల ఊరి మనిషొకడు జ్వరానికి వచ్చి చెప్పాడు. కట్టు మీద పిల్లలు బొగ్గుతో కోడిని గీశారని కూడా చెప్పాడు. పండగలో తలంబ్రాలు దొరికితే రెండు గింజలు పొట్లం కట్టి, ఆ మనిషి చేతికే ఇచ్చి పంపాను. నాకు చేతనయింది అంతే.

మళ్లీ ఏడు, ఆకు ఇంకా మొదలు కాలేదు. గులకరాళ్ల ఒడ్డు దగ్గర బట్టలు పెట్టుకొని నిలబడ్డాను, వెనకనుంచి "అక్కా" అని పిలుపు. కోడలు ఒక్కతే వచ్చింది. కర్ర లేదు. నన్ను చూసి నవ్వి, అక్కడే బాట పక్కన కూచొని డబ్బీ మూత తీసింది. సున్నం మీద పెసరగింజలాంటిది ఏదో కూచొని ఉంది.

"ఇదేంది?" అన్నాను, నాకు ఆ ఊరి మాట అప్పటికే వచ్చేసింది.

"నా ఎముక. ఖమ్మం డాక్టరు సీసల ఏసి ఇచ్చిండు. సీస పోరగాండ్లు పలగ్గొట్టిన్రు. మీ సారు సున్నమే అన్నడు గద, సున్నంల పెట్టిన."

"ఎముకలు డబ్బీలో పెట్టుకోకూడదమ్మా. గోదావరి ఎదురుగానే ఉంది, కలిపెయ్."

"గోదాట్ల కలిపేది సచ్చినోళ్లయి అక్కా" అన్నది, బొటనవేలితో దాని పక్కనుంచి జాగ్రత్తగా సున్నం తీసుకుంటూ. "నేను బతికే ఉన్న."

మా నాన్న నేర్పిన శ్లోకాల్లో దీనికి జవాబు వెతికాను. లేదు.

"గుట్ట ఎక్కుతున్నావా?" అన్నాను.

"ముసురు పడితే లోపట గులుగుతది. ఎక్కుడు మాత్రం ఎక్కుతున్న. మా అత్తను ఈ ఏడు ఇంట్ల కూసోమన్న. నా పట్టుతోనే తగ్గింది, మర్చిపోకు అన్నది."

పొగాకు నోట్లో పెట్టుకొని లేచింది. కొంగు దోపుకొని ఒడ్డు దిగడం మొదలుపెట్టింది. మొదట ఎడమకాలు పెట్టింది. తర్వాత కుడికాలు తీసి, ఒక రాయి ఎంచుకొని, దాని మీద నిండుగా మోపింది. ఇంకో రాయి. ఇంకోటి. సగం దూరం పోయాక ఆగి వెనక్కి తిరిగింది. నేను చెంబు ఒక చేత్తో, చీర ఒక చేత్తో పట్టుకొని, మొదటి రాయి దగ్గరే తడబడుతున్నాను.

మళ్లీ పైకెక్కి వచ్చి చెయ్యి అందించింది.

"రాళ్లున్నయక్కా, చూసుకుంట దిగు" అన్నది. "దూకకు."